పరభాష నేర్చువారికి మనము చేయదగిన సాయము



పటాన్‌చెరువు నుండి సంగారెడ్డికి పోవు పెద్దబాటపై, కార్ఖానాలలో ఒక షిఫ్టు ముగిసి మఱియొక షిఫ్టు మొదలగు వేళ, టీ కొట్టు చెంత ఒక గడియ నిలిచినచో అయిదాఱు భాషలు చెవిని బడును. మన తాతల కాలమున ఈ ప్రాంతమున తెలుగును ఉర్దూయు వినబడుచుండెను. సరిహద్దు గ్రామములలో కన్నడమును మరాఠీయు కొంత వినబడుచుండెను. 1960వ దశకమున రామచంద్రాపురమునందు భారీ విద్యుత్పరికరముల కర్మాగారము నెలకొన్నది. 1972లో పటాన్‌చెరువు చెంత ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పంటల పరిశోధనా సంస్థ వెలసినది. తరువాత పాశమైలారము, బొల్లారము, ఇస్నాపురము మొదలగు చోట్ల కర్మాగారములు వరుసగా లేచినవి. వానితోడనే బీహారు, ఒడిశా, ఝార్ఖండు, ఉత్తరప్రదేశము, వంగదేశముల నుండి కూలివారు వచ్చిరి. కొందఱు కుటుంబములతో వచ్చి మన గ్రామములలోనే గదులు తీసికొని కాపురములు చేయుచున్నారు. వారి పిల్లలు మన బడులలో మన మనుమల ప్రక్కనే కూర్చుండుచున్నారు.

వీరికి మన భాష వచ్చుటకు మనము చేయగల సాయమేమి యన్నదే నేటి ప్రసంగ విషయము. "వినగా వినగా వారే నేర్చుకొందురు, మనము చేయునదేమున్నది?" అని పెక్కుమంది అందురు. అందు కొంత సత్యము లేకపోలేదు. కాని వినుటచేత వచ్చు భాష ఎక్కడనో యొకచోట ఆగిపోవును. ఏచోట ఆగునో, ఏల యాగునో తెలిసిన పెద్ద యొకడు ప్రక్కనున్నచో ఆ చిక్కు రెండు మాటలతో విడిపోవును. తెలియనివాడు పది సంవత్సరములు ప్రక్కనున్నను నవ్వుట తప్ప చేయగలిగిన దుండదు.

మన భాష మనకు గాలివంటిది. అందలి చిక్కులు మన కంటికి గానరావు. కావున ముందుగా మనది కాని రెండు భాషలను తీసికొని విషయమును చూతము. చీనాదేశీయుడు ఇంగ్లీషు నేర్చుకొనుచున్నాడనుకొనుడు. ఇది మనకు దూరపు సంగతి కాదు. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగలపై పరిశోధన చేయు ఆ ఇక్రిశాట్ ఆవరణమున నానాదేశముల శాస్త్రజ్ఞులు పనిచేయుదురు. వారందఱికిని ఉమ్మడి భాష ఇంగ్లీషే. చీనా నుండి వచ్చిన వారును అందులో గలరు.

చీనావాని నోట మొట్టమొదట పొరపడునది 'అతడు', 'ఆమె' అను మాటలయందు. ఇంగ్లీషున అతనికి 'హీ' అనియు ఆమెకు 'షీ' అనియు వేఱు మాటలున్నవి. చీనాభాషలో ముగ్గురికిని, అనగా అతనికి, ఆమెకు, దానికి, పలుకుట 'తా' అను ఒక్క మాటయే. వ్రాతలో స్త్రీకి వేఱు గుఱుతు ఇరువదవ శతాబ్దమున వాడుకలోనికి వచ్చినది గాని నోట పలుకుట మాత్రము ఒక్కటియే. కావున పెద్ద చదువులు చదివిన చీనా పండితుడు సైతము తన భార్యను గూర్చి చెప్పుచు నడుమ 'హీ' అనును. వానికి స్త్రీపురుష భేదము తెలియకనా? మాటలాడునప్పుడు ఆ భేదమును వెదకు అలవాటు వాని నాలుకకు లేదు, అంతే.

క్రియ సంగతియు నట్లే. 'పోయితిని, పోవుచున్నాను, పోవుదును' అని మనము క్రియను మార్చునట్లు చీనావారు మార్చరు. 'నిన్న', 'రేపు' అను మాటలు చేర్చి, ముగిసిన పని యైనచో ఒక చిన్న మాట తగిలించి, క్రియను ఉన్నదున్నట్లే ఉంచుదురు. కాబట్టి ఇంగ్లీషులో వాడు 'నేను నిన్న పోవు' అన్నట్లు మాటలాడును. బహువచనమునకును ప్రత్యేక ప్రత్యయము సాధారణముగా లేదు. 'మూడు' అని చెప్పిన పిదప మరల పుస్తకమునకు 'లు' ఎందుకని వాని ప్రశ్న. ఆలోచించినచో ఆ ప్రశ్న తెలివితక్కువది కాదు.

ధ్వనుల యందు మఱియొక వింత. మనకు ప, ఫ, బ, భ అని నాలుగు ఓష్ఠ్యములు. చీనాభాషలో ఒత్తులేని 'ప', ఒత్తుతో గూడిన 'ప' అను రెండు మాత్రమే ఉన్నవి. మన 'బ' వంటి నాదముగల హల్లు దాదాపు లేదు. 1958లో వారు రోమను లిపిలో తమ ఉచ్చారణము వ్రాయుటకు పద్ధతి యేర్పఱచుకొన్నప్పుడు ఒత్తులేని 'ప'కు ఇంగ్లీషు 'బీ' అక్షరమును వాడుకొనిరి. అందుచేతనే పత్రికలలో మనము 'బీజింగు' అని వ్రాయుచున్నాము గాని, ఆ నగరవాసి తన ఊరి పేరు పలుకగా వినినచో మొదటి హల్లు మన చెవికి 'ప'గానే తోచును.

మఱి మాట చివర హల్లు నిలుపుట యన్నచో చీనావానికిని మనకును చుట్టఱికమున్నది. ఉత్తర చీనాభాషలో మాట చివర నిలుచు హల్లులు బహుకొద్ది. కావున ఇంగ్లీషు మాట చివరి హల్లును వాడు మ్రింగివేయును, లేదా చివర నొక అచ్చు చేర్చును. మనది అజంతభాష, మనము చేర్చనే చేర్చితిమి. బస్సు, రోడ్డు, టిక్కెట్టు, కారు అని ఉకారము తగిలించి ఆ మాటలను మన యింటి మాటలుగా జేసికొంటిమి. దీపము వెలిగించుటను చీనావాడు ఇంగ్లీషున 'దీపము తెఱచుట' యనును, ఏలయన వాని భాషలో అట్లే యందురు. మనవాడు 'దీపము వేయుట' యనును, ఏలయన మనము 'లైటు వేయు' మందుము. వినువాడు ఇంగ్లీషువాడైనచో ఇద్దఱిని జూచియు నవ్వును.

"నీవు రేపు రావా?" అని యడిగినచో మనలో పెక్కుమంది "అవును, రాను" అందుము. చీనావాడును సరిగా నట్లే అనును. ఇంగ్లీషువాడు మాత్రము "లేదు, రాను" అనును. ఈ యొక్క 'అవును' వలన ఎన్ని వ్యవహారములు తారుమారగునో ఊహింపుడు.

ఇందువలన తేలునదేమనగా, క్రొత్త భాష నేర్చువాడు చేయు తప్పు తెలివిలేమి కాదు. అది వాని మాతృభాష వెనుక నిలిచి పలుకు పలుకు. వాని తప్పును సూక్ష్మముగా విన్నచో వాని యింటి వ్యాకరణము మనకు దెలియును. అది తెలిసినవాడే వానికి చక్కగా నేర్పగలడు.

ఈ సూక్ష్మమును గ్రహించినవారు పూర్వమే కలరు. 1862లో కాంటను నగరమున తాంగ్ తింగ్‌షూ అను చీనా వర్తకుడు తనవారి కొఱకు ఇంగ్లీషు నేర్పు పెద్ద గ్రంథమును ప్రకటించెను. ఇంగ్లీషు మాటల ఉచ్చారణమును అతడు చీనా గుఱుతులతోనే, కాంటను వారి పలుకుబడి ననుసరించి వ్రాసి చూపెను. మన సంతలలో అమ్ము 'ముప్పది దినములలో ఇంగ్లీషు' వంటి పుస్తకములలో ఇంగ్లీషు మాటలను తెలుగు లిపిలో వ్రాసినట్లే యనుకొనుడు. తరువాత ఆగ్డెన్ అను ఆంగ్లేయుడు 1930లో 850 మాటలతో సరళమైన ఇంగ్లీషు నొకదానిని కూర్చెను. ఆయన మిత్రుడగు రిచర్డ్స్ దానిని చీనాదేశపు బడులలో నాటవలెనని మిక్కిలి శ్రమించెను గాని, 1937లో జపాను దండెత్తుటతో ఆ పని కుంటువడినది.

మన భాష విషయమున తెల్లవారు మన యొద్ద విద్యార్థులైన కాలమును మఱవరాదు. 1812లో చెన్నపట్టణమున సెంటు జార్జి కోటలో కుంపినీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పుటకు కళాశాల యేర్పడినది. 1816లో కాంబెల్ దొర తెలుగు వ్యాకరణమును ఇంగ్లీషున ప్రకటించెను. 1817లో చెన్నపట్టణమునకు వచ్చిన బ్రౌను దొర ఆ కళాశాలలోనే తెలుగు నేర్చి, 1840లో వ్యాకరణమును, 1852లో తెలుగు ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించెను. అధికారముగల విద్యార్థి గనుక ఆతనికి పండితులు, కళాశాల, వేతనము అన్నియు సమకూడినవి. నేడు మన యూరికి వచ్చిన విద్యార్థి బస్తాలు మోయువాడు. వానికి కళాశాల లేదు, పండితుడు లేడు. హైదరాబాదులో 1958లో వెలసి ఇప్పుడు విశ్వవిద్యాలయమైన ఇంగ్లీషు శిక్షణ సంస్థలో విదేశీయులకు ఇంగ్లీషు నేర్పుదురు; ఇస్నాపురపు గదిలో ఉండు ఒడియావానికి తెలుగు నేర్పువా డెవడు? ఊరిలోని పెద్దలే కావలెను.

ఇక మన అతిథుల భాషలను చూతము. బీహారువాడనగానే హిందీవాడని మనము తలతుము. వాని యింటి భాష భోజ్‌పురియో, మైథిలియో, మగహియో అయియుండును. హిందీ వానికి బడిలో వచ్చిన భాష. మైథిలి 2003లో మన రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలునందు చేర్చబడిన స్వతంత్రభాష. ఝార్ఖండు నుండి వచ్చినవారిలో కొందఱు సంతాలులు. కొందఱు కురుఖు భాషను మాటలాడు ఒరావులు. ఈ కురుఖు భాష మనకు జ్ఞాతి. అది ఉత్తరదేశమున మిగిలియున్న ద్రావిడభాషలలో నొకటి. మనము 'కన్ను' అనుదానిని వారు 'ఖన్' అనియు, 'మూడు' అనుదానిని 'మూంద్' అనియు అందురు. వేయిమైళ్ల దూరము నుండి వచ్చినవాడు మన దాయాది యని తెలిసిన నాడు టీ కొట్టు చెంత వానికి కూర్చుండ చోటు తప్పక దొరకును.

ఒక్కొక్క చిక్కును విడదీయుదము.

హిందీలో హ్రస్వమైన ఎకార ఒకారములు లేవు. ఉన్నవి దీర్ఘములే. కావున 'మెడ' యన్నను 'మేడ' యన్నను హిందీవాని చెవికి ఒక్కటే. వాడు వైద్యుని యొద్దకు బోయి "మేడ నొప్పి" యనును. తెలుగును 'తేలుగు' అనును. ఇందు మఱియొక మెలిక గలదు. పట్టుదల గలవాడు మన మాటలను తన లిపిలో పుస్తకమున వ్రాసికొనును. కాని సామాన్యముగా వ్రాయు నాగరలిపిలో హ్రస్వ ఎకారమునకు గుఱుతే లేదు. ఒడియా లిపిలోను లేదు. 'మెడ' యని విని 'మేడ' యని వ్రాసికొని, రాత్రి దీపము ముందు కూర్చుండి ఆ తప్పునే పదిమాఱులు వల్లించును. వాని శ్రద్ధయే వానిని ముంచును. కావున ఈ భేదమును వ్రాతచేత గాక చెవిచేత నేర్పవలెను. మెడను తాకి 'మెడ' యనుడు, మేడను చూపి 'మేడ' యనుడు. వెంటవెంటనే అయిదాఱు మాఱులు పలికినచో చెవి తెఱచుకొనును.

'ళ' కారమును హిందీవారు, బీహారువారు ఎఱుగరు. నీళ్లను 'నీల్లు' అందురు. దానివలన నష్టము లేదు. కాని దుమ్ములో పనిచేయువాడు "కల్లు మండుచున్నది" అన్నచో మేస్త్రీ నవ్వి పంపివేయును. ఆ దినమంతయు కళ్లు మండుచునే యుండును. ఒడియావారికి ఈ చిక్కు లేదు. 'ళ'యు 'ణ'యు వారి భాషలో నున్నవి. వారు మాట చివరి అచ్చును మ్రింగరు గనుక తెలుగు వారి నోట తీయగా పలుకును. బీహారువాడు చివరి అచ్చును జారవిడుచును. ఇద్దఱిని ఒక్క పాఠమున కూర్చుండబెట్టి ఒక్కటే నేర్పుట వ్యర్థము.

అట్లని ఒడియావానికి చిక్కులు లేవనరాదు. ఒడియాలో 'సే' యన్నచో అతడును, ఆమెయును. చీనావారి 'తా' వంటిదే. క్రియయు లింగమును బట్టి మాఱదు. కావున ఒడియా యువకుడు "మా అమ్మ వచ్చాడు" అనును. మన పిల్లలు కేకలు పెట్టి నవ్వుదురు. తెలుగు వ్యాకరణమున స్త్రీవాచకము ఏకవచనమున అమహత్తులతో జేరి 'వచ్చింది' యనియు, బహువచనమున పురుషులతో జేరి 'వచ్చారు' అనియు నగుట లోకమున అరుదైన ఏర్పాటు. 1858లో బాలవ్యాకరణము వ్రాసిన చిన్నయసూరిగారు దీనిని సూత్రములలో బంధించిరి. ఆ సూత్రములను వల్లించిన మనకే అందలి వింత తోచదు. ప్రాచీన గ్రాంథికమున 'వాడు వచ్చెను, ఆమె వచ్చెను, అది వచ్చెను' అని ముగ్గురికిని ఒక్కటే రూపము. ఒడియావానికి నన్నయగారి తెలుగు మన వాడుక తెలుగుకంటె ఈ ఒక్కచో సులభము! కురుఖువానికి మాత్రము ఇది క్రొత్త కాదు; వారి భాషయందును ఏకవచనమున స్త్రీలు, వస్తువులు ఒక్క పంక్తిలోనివే.

'మేము', 'మనము' అను భేదము హిందీలో లేదు. రెంటికిని 'హమ్' అను ఒక్క మాటయే. ఇంగ్లీషులోను లేదు. చిత్రమేమనగా ఉత్తర చీనావారికి ఉన్నది: ఎదుటివానిని చేర్చుకొనునప్పుడు 'త్సామెన్' అందురు, సామాన్యముగా 'వోమెన్' అందురు. సంతాలుకు, కురుఖుకు సైతము ఉన్నది. హిందీవాడు మేస్త్రీతో "మనకు మూడు దినముల కూలి రాలేదు" అనును. మేస్త్రీ, తనకు వచ్చినదే గదా యని, ఆ మాటను పెడచెవిని పెట్టును. 'మాకు' అను ఒక్క మాట తెలిసినచో ఆ కూలి యడుగుట సూటిగా నుండును. హక్కును అడుగుటకు వ్యాకరణము ఎంత కావలెనో చూడుడు.

ఇప్పుడు అన్నింటికంటె ముఖ్యమైన దానికి వచ్చితిని. అది నిషేధము.

హిందీలో వలదనుమాట క్రియకు ముందు వచ్చును. 'మత్' అని విన్నంతనే వాని చేయి ఆగును. తరువాతి మాట ఏదైనను సరే. ఇంగ్లీషులోను, చీనాభాషలోను అంతే, ముందే వచ్చును. ఒడియాలో 'నాహి' అని వెనుక వచ్చును గాని విడిగా, స్పష్టముగా వచ్చును. మన భాషలో నిషేధము క్రియలోనే కలిసిపోవును. 'ముట్టు' అన్నచో ముట్టుమని. 'ముట్టకు' అన్నచో ముట్టవలదని. 'తెరువు', 'తెరవకు', 'ఎక్కు', 'ఎక్కకు', 'రా', 'రాకు'. ప్రాణమును కాపాడు అక్షరము మాట తుదినున్నది, అదియు ఒక్కటే. యంత్రముల హోరులో మాట తుది వినబడదు. వినబడినను, 'నాకు, మీకు, ఇంటికి' అను మాటలలో వాడు నేర్చిన 'కు' కారమే యిదియు ననుకొనవచ్చును. "ఆ వాల్వు తెరవకు!" అని దూరము నుండి అఱచినచో, నెల క్రిందట వచ్చిన హిందీవానికి 'వాల్వు', 'తెర' అను రెండు మాత్రమే చేరును. వాడు చెప్పిన పని చేయుచున్నానని తలచి ఆ వాల్వునే పట్టుకొనును.

2025 జూన్ 30వ తేదీన పాశమైలారమునందలి ఒక ఔషధ కర్మాగారమున పేలుడు జరిగి నలువదిమందికి మించి మరణించిరి. వారిలో పెక్కుమంది బీహారు, ఉత్తరప్రదేశము, ఒడిశా, ఝార్ఖండు మొదలగు రాష్ట్రముల నుండి వచ్చినవారు. ఆ ప్రమాదమునకు భాష కారణమని నేననుట లేదు, అట్లనుట అన్యాయము. కాని అట్టి యంత్రముల నడుమ పనిచేయువానికి హెచ్చరిక మాట వెంటనే తెలియవలెనన్నది ఎవరును కాదనరు. తమవారి కొఱకు దూరము నుండి వచ్చిన బంధువులతో మాటలాడుటకును వారి భాష కొంత యెఱిగిన మనుష్యు లెంత యవసరమో ఆ దినములు చూపినవి.

కాబట్టి మీ యూరి యువకులలో మేస్త్రీలుగా, సూపర్‌వైజర్లుగా ఉన్నవారికి ఈ మాట చెప్పుడు. నిషేధమును ముందుంచవలెను. "వద్దు! ముట్టవద్దు!" అని 'వద్దు'ను మొదటను చివరను పలుకవలెను. చేయి పైకెత్తవలెను. క్రొత్తగా వచ్చినవానికి మొట్టమొదటి దినమున నేర్పవలసిన తెలుగు మాటలు 'నమస్కారము', 'బాగున్నారా' కావు. వద్దు, ఆగు, బయటికి, మంట, కరెంటు, నీళ్లు, నొప్పి. పిదప 'లేదు', 'కాదు' అను వాని భేదము. హిందీలో రెంటికిని 'నహీఁ' చాలును గనుక వాడు "ఇది నా సంచి లేదు" అనును. "సంచి లేదు, ఇది నా సంచి కాదు" అని రెండు వాక్యములు ప్రక్కప్రక్కన చెప్పినచో తెలియును. సూత్రము చెప్పనక్కఱలేదు.

మఱియొక సంగతి పెద్దలగు మీకే చెప్పవలసినది. ఈ యువకులు కొందఱు పెద్దలను "రా, కూర్చో, తిను" అని యేకవచనమున పిలుతురు. మర్యాద తెలియదని మనము నొచ్చుకొందుము. వాని భాషలో 'ఆప్', 'తుమ్', 'తూ' అని మర్యాదకు మూడు మెట్లున్నవి; మర్యాద వానికి తెలియనిది కాదు. వాడు తెలుగు నేర్చినది ఎవరి నోట? ఉదయము మొదలు రాత్రి వఱకు వాడు విన్న తెలుగు "రా, ఎత్తు, దింపు, పో" అను నాలుగు మాటలు. ఎవ్వరును వానిని 'రండి' యని పిలువలేదు గనుక 'రండి' యను మాట వాని చెవిని బడలేదు. వాని తెలుగులో నున్న లోపము మనము వానితో మాటలాడిన తీరుకు ప్రతిధ్వని. వానిని 'మీరు' అని పిలువనక్కఱలేదనుకొందురేమో. వాని యెదుట మీలో మీరైనను 'రండి, కూర్చోండి' అని మాటలాడుకొనుడు.

పిల్లల సంగతి కొంత సులభము, కొంత కష్టము. సులభమేలనన వీథిలో ఆటలాడుచు ఆఱు నెలలలో మాటలు పట్టుకొందురు. కష్టమేలనన వీథిలో "గిట్ల చెయ్, గాడికి పో" అని నేర్చినది బడి పుస్తకములో 'ఇట్లా', 'అక్కడికి' అయి కనబడును. మన పిల్లలకు రెండును ఒకే భాష యని తెలియును; ఒడియా పిల్లకు అవి రెండు క్రొత్త భాషలు. ఉన్న భాష ఇంటిలో, ఒక తెలుగు వీథిలో, మఱియొక తెలుగు బడిలో, దానిపై ఇంగ్లీషు! మొదట వీథి మాటను ఒప్పుకొని, "మన పుస్తకములో దీనినే ఇట్లు వ్రాయుదురు" అని జోడించి చెప్పవలెను. గ్రాంథికమున ఇంతసేపు మాటలాడిన నేను ఈ మాట చెప్పుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని నడక రానివానికి నాట్యము నేర్పలేము.

తెలంగాణ రాష్ట్రమున 2018లో చేసిన చట్టముచేత పాఠశాలలన్నింట తెలుగు నేర్పుట తప్పనిసరి యైనది. తెలుగు మాతృభాష కానివారికి 'వెన్నెల' యను సరళమైన వాచకమును సిద్ధపఱచిరి. ఇటుకబట్టీలకు బలాంగీరు, నువాపడ ప్రాంతముల నుండి వచ్చిన కుటుంబముల పిల్లలకు బట్టీల చెంతనే ఒడియా పుస్తకములతో చదువు చెప్పిన పనిస్థల పాఠశాలలును మన యెఱుకలోనివి. అది మంచి పద్ధతి. మాతృభాషలో అక్షరము వచ్చిన పిల్లకు తెలుగు అక్షరము త్వరగా వచ్చును; ఇంటి భాషను మాన్పించిన పిల్లకు రెండును సగము సగమే వచ్చును. మన పెద్దలలో కొందఱు "ఇంటిలో కూడ తెలుగే మాటలాడుడు" అని ఆ తల్లిదండ్రులకు సలహా చెప్పుచుందురు. దయచేసి ఆ సలహా మానుడు. ఆ తల్లికి వచ్చిన తెలుగు నాలుగు మాటలు; ఆ నాలుగు మాటలతో బిడ్డకు కథ యేమి చెప్పగలదు?

మన పెద్దలలో ఒక తరమువారు నిజాము కాలమున ఉర్దూ మాధ్యమమున చదివిరి. ఇంట తెలుగు, బడిలో ఉర్దూ. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమున పై చదువులును 1948 వఱకు ఉర్దూలోనే సాగినవి. పరభాషలో పాఠము వినుచు అర్థము గాక పుస్తకము వైపు చూచి కూర్చున్న ఆ బాలుర కథలు మీ యిండ్లలో ఇంకను చెప్పుకొనుచునే యుందురు. నేడు మన బడిలో వెనుక బల్లపై కూర్చున్న మైథిలీ బాలుడు ఆ స్థితిలోనే యున్నాడు. అదృష్టవశమున, ఆ ఉర్దూ మనకు మిగిల్చిన దక్కనీ మాటలు వానితో మాటలాడుటకు వంతెనగా నున్నవి. 'నక్కో' యను మాట వానికి తెలియకపోవచ్చును గాని 'పానీ', 'ఆగ్', 'హాథ్' తెలియును. ముందు వాని మాట పలికి, వెంటనే మన మాట పలికినచో వాడు పట్టుకొనును.

ఇంకొక్క ఉపాయము చెప్పి విరమించెదను. పని వివరించిన పిదప "అర్థమయినదా?" అని యడుగవద్దు. అర్థము గానివాడును తల యూపి "హా" అనును. కొలువు పోవునేమో యను భయము వానిది. చీనా విద్యార్థి ఇంగ్లీషు ఉపాధ్యాయుని యెదుట తల యూపుటయు ఇట్టిదే. "నీవు ముట్టవు గదా?" అని వ్యతిరేకముగా అడుగుట మఱియు చెడ్డది, వాని 'అవును' ఏవైపుదో మనకు తెలియదు. "ఇప్పుడు నీవేమి చేయుదువు, చెప్పుము" అని యడిగి, తెలుగులోనో, హిందీలోనో, చేతి సైగతోనో వానిచేతనే చెప్పింపుడు. వాడు చేయి వాల్వు వైపు చాచినచో, అచ్చటనే ఆపి, 'వద్దు' అను మాటను మరల మొదటి నుండి చెప్పుడు.